మూడు గోడల అవతల వీణ పాఠం

ఒడిశా-ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి పాత వీధుల్లోని ఇళ్ళు వీధిలోంచి చూస్తే ఇరుకుగా కనబడతాయి, లోపలికి నడిచేకొద్దీ వాటి పొడుగు తెలుస్తుంది. అరుగు, వీధిగది, నట్టిల్లు, వంటిల్లు, చిన్న నడవ, చివర పెరటిగది, ఇవన్నీ రైలుపెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మా ఇల్లూ అలాంటిదే. అరుగు అంచు నుంచి పెరటి గోడ దాకా టేపు పెట్టి కొలిస్తే 28 మీటర్లు వచ్చింది, వెడల్పు 5 మీటర్లకు మించదు. అడ్డుగోడలు మా తాతగారి కాలంలో ఇటుకా సున్నమూ పెట్టి మూరెడు మందాన కట్టినవి. రెండు వైపులా పక్కింటివారికీ మాకూ ఒకటే గోడ. ఇలాంటి ఇంట్లో వై-ఫై మీద వీడియో తెగకుండా రావడానికి నేను దాదాపు ఎనిమిది నెలలు పనిచేయవలసి వచ్చింది. బరంపురం నుంచి గుణుపూర్, రాయగడ దాకా సరిహద్దు పొడుగునా ఇలాంటి ఇళ్ళలో ఉంటున్న తెలుగువారు చాలామంది ఉన్నారు కాబట్టి, ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో, ఎందుకు పనిచేయలేదో కాస్త వివరంగా రాస్తున్నాను.

మా ఇంట్లో వీడియో అవసరం ముఖ్యంగా ఇద్దరిది. మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేని మా నాన్నగారు సాయంత్రం ఆరున్నరకు నట్టింట్లో మంచం మీద కూర్చొని టీవీలో భాగవత ప్రవచనం వింటారు. మా అమ్మాయి వారానికి మూడు రోజులు పెరటిగదిలో తలుపు వేసుకొని, విజయనగరంలో ఉన్న గురువుగారి దగ్గర వీడియో కాల్ ద్వారా వీణ నేర్చుకుంటుంది. రూటరు మాత్రం వీధిగదిలో ఉంది, తీగ వచ్చేది అక్కడికే కాబట్టి. అంటే నాన్నగారికీ రూటరుకీ మధ్య ఒక గోడ, అమ్మాయికీ రూటరుకీ మధ్య మూడు గోడలు.

ప్రవచనం మంచి పట్టులో ఉండగా బొమ్మ ఆగిపోయి తెర మధ్యలో చిన్న గుండ్రం తిరిగేది. నాన్నగారు దానికి చక్రం అని పేరు పెట్టారు. "ఒరే, మళ్ళీ చక్రం వచ్చిందిరా. గజేంద్రుడు ఏటి అన్నాడో వినబడ్నేదు," అనేవారు. ఆ మాట వినడం నాకు చాలా కష్టంగా ఉండేది, ఎందుకంటే ఆయనకు రోజంతటిలో మిగిలిన ఆసక్తి ఆ గంటన్నరే.

అందరూ చేసే పనే నేనూ మొదట చేశాను. నెలకు మరికొంత డబ్బు కట్టి 40 ఎంబీపీఎస్ (సెకనుకు ఇన్ని మెగాబిట్లు అనే వేగపు కొలత) పథకాన్ని 100కు మార్పించాను. చక్రం అలాగే తిరిగింది. అప్పుడు ల్యాప్‌టాప్‌ను రూటరుకు తీగతో కలిపి చూస్తే 94 ఎంబీపీఎస్ వచ్చింది, నట్టింట్లో వై-ఫై మీద అదే ల్యాప్‌టాప్‌కు ఒక నిమిషం 31, మరో నిమిషం 4, ఆ తర్వాత 18 వచ్చాయి. ఆ మూడు అంకెలు కాగితం మీద రాసుకున్నాక విషయం అర్థమైంది. ఊరి నుంచి ఇంటిదాకా వచ్చే తీగలో లోపం లేదు, రూటరు నుంచి మంచం దాకా ఉన్న ఆరేడు మీటర్ల గాలిలోనే ఉంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. పథకం మార్చే ముందు ప్రతి ఒక్కరూ దీన్ని చేయాలని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ వీడియో మన దాకా ఎలా వస్తుందో కొంచెం చెప్పుకోవాలి. ఇప్పుడు మనం చూసే వీడియోల్లో ఎక్కువ భాగం పాత టీవీ ప్రసారంలా ఏకధారగా రావు. ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ అయినా, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన డ్యాష్ అయినా పద్ధతి ఒకటే: వీడియోను కొద్ది సెకన్ల ముక్కలుగా కోస్తారు, ప్రతి ముక్కనూ నాలుగైదు నాణ్యతల్లో తయారుచేసి సర్వర్లో ఉంచుతారు, మన దగ్గరున్న ప్లేయరు ఒక్కొక్క ముక్కను తెప్పించుకుంటూ, వచ్చిన వేగాన్ని బట్టి తరవాతి ముక్క స్పష్టమైన 720పి కావాలా, మసకగా ఉండే 360పి చాలా అని తానే నిర్ణయించుకుంటుంది. తెర మీద ఆడుతున్న ముక్క కంటే ముందే మరికొన్ని ముక్కలను నిల్వ చేసుకుంటుంది. ఆ నిల్వనే బఫర్ అంటారు. నిల్వ అడుగంటితే చక్రం తిరుగుతుంది. వేగాన్ని అంచనా వేయడం మీద కన్నా ఈ నిల్వ ఎంత ఉందన్న దాని మీద ఆధారపడి నాణ్యతను ఎంచుకుంటే ఆగిపోవడాలు 10 నుంచి 20 శాతం తగ్గాయని స్టాన్‌ఫర్డ్, నెట్‌ఫ్లిక్స్ పరిశోధకులు 2014లో చూపారు. 31, 4, 18 అని ఊగిసలాడే గాలి మీద వేగపు అంచనా ఎంత తప్పుదారి పట్టిస్తుందో మా నట్టింట్లో చూశాక ఆ ఫలితం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

720పి ప్రవచనానికి 3 ఎంబీపీఎస్ నిలకడగా అందితే చాలు. సగటున 18 వచ్చి, మధ్యమధ్య అరనిమిషం పాటు ఒకటికి పడిపోతే మాత్రం చాలదు. యూట్యూబ్‌లో, కంప్యూటరు మీదైతే వీడియో మీద కుడి క్లిక్ చేస్తే, ఫోనులోనో టీవీలోనో అయితే సెట్టింగ్స్‌లోకి వెళితే, 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' అనే చిట్టా తెరుచుకుంటుంది. అందులో 'బఫర్ హెల్త్' అన్న వరుసలో నిల్వ ఎన్ని సెకన్లుందో కనబడుతుంది. నాలుగు సాయంత్రాలు నాన్నగారి పక్కన కూర్చొని ఆ అంకెనే గమనించాను. ఏడు గంటల ప్రాంతంలో, అంటే వీధిలో అందరూ ఇళ్ళకు చేరే వేళకు, అది 40 సెకన్ల నుంచి మెల్లగా దిగుతూ సున్నాకు వచ్చేది. మధ్యాహ్నం ఎప్పుడూ అలా దిగలేదు. దాంతో నా అనుమానం గోడల మీది నుంచి పక్కిళ్ళ మీదికి మళ్ళింది.

వై-ఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పట్టీలో మన దేశంలో 13 చానెళ్ళు ఉన్నాయి, ఒకదానికొకటి 5 మెగాహెర్ట్జ్ ఎడం. కానీ వై-ఫై ఆక్రమించేది కనీసం 20 మెగాహెర్ట్జ్. అందువల్ల 1, 6, 11 అనే మూడు మాత్రమే ఒకదానితో ఒకటి ఒరుసుకోకుండా ఉంటాయి. ఫోనులో ఒక వై-ఫై విశ్లేషణ యాప్ పెట్టుకొని చూస్తే మా నట్టింట్లోకి 14 రూటర్ల సిగ్నల్ వస్తోంది. తూర్పు పక్కింటివారిది 3లో, పడమటి పక్కింటివారిది 8లో, మాది 6లో ఉన్నాయి. మాకూ వారికీ మధ్య ఉన్నది ఒక్క గోడే.

చాలామంది ఇక్కడ పొరబడతారు. పక్కవాడు మనం ఉన్న చానెల్‌లోనే ఉంటే నష్టమనీ, కాస్త పక్కకు జరిగి 3లోనో 4లోనో ఉంటే మేలనీ అనుకుంటారు. నిజానికి దీనికి తిరగవేసి ఉంటుంది. ఒకే చానెల్‌లో ఉన్న రెండు రూటర్లు ఒకదాని మాట ఒకటి వింటాయి. ఒకటి మాట్లాడుతుంటే రెండోది ఆగుతుంది, కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టినట్టు వంతు ప్రకారం పని జరుగుతుంది. సగం ఒరుసుకునే చానెళ్ళలో ఉన్నప్పుడు ఒకదాని మాట రెండోదానికి మాటగా వినబడదు, రొదగా మాత్రమే తగులుతుంది. వంతు ఉండదు, ప్యాకెట్లు, అంటే సమాచారపు చిన్న మూటలు, చెడిపోతాయి, చెడినవాటిని మళ్ళీ పంపాలి. వై-ఫైలో ప్రతి మూటకూ అవతలి నుంచి 'అందింది' అన్న జవాబు రావాలి. రాకపోతే చాలా పరికరాలు ఏడు సార్ల దాకా పంపి చూస్తాయి. ఆ ఏడు ప్రయత్నాల కాలమంతా వీధిలోని మిగతా ఇళ్ళ వంతుల్లోంచి పోయినట్టే.

అందుకని నేనొక్కణ్ణే నా చానెల్ మార్చుకుంటే లాభం లేదని తేలింది. తూర్పు పక్కన ఉండేది ఒడియా మాస్టారి కుటుంబం, పడమటి పక్కన మా వాళ్ళే, మా అమ్మ వైపు బంధువులు. ఒక ఆదివారం ఉదయం మాస్టారింటికి వెళ్ళి విషయం చెప్పాను. ఆయనకు తెలుగు బాగా వచ్చు. "అయితే మా ఇంట్లో సాయంత్రం బొమ్మ ఆగిపోవడానికి కూడా ఇదే కారణమా, ఆజ్ఞా?" అని ఆయనే అడిగారు. కాగితం మీద మూడు ఇళ్ళూ గీసి, మాస్టారింటికి 1, మాకు 6, పడమటి ఇంటికి 11 అని రాసుకున్నాం. మూడు రూటర్లలోనూ వెడల్పును 40 మెగాహెర్ట్జ్ నుంచి 20కి తగ్గించాం. 40 అని ఉంటే వేగం రెట్టింపవుతుందని పెట్టె మీద రాస్తారు కానీ, కిక్కిరిసిన 2.4 పట్టీలో అది రెండు వరసల బిందెలను ఒక్కరే ఆక్రమించడం లాంటిది. అరగంటలో పని ముగిసింది. ఆ సాయంత్రం బఫర్ హెల్త్ మొదటిసారి 20 సెకన్ల కిందికి దిగలేదు. ఈ ఎనిమిది నెలల్లో చేసిన పనులన్నిటిలోనూ నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే, ఎందుకంటే బాగు మూడు ఇళ్ళకూ కలిగింది.

అయినా వారానికి రెండుసార్లు చక్రం వస్తూనే ఉంది, అదీ అమ్మాయి ఇంట్లో ఉన్న సాయంత్రాల్లోనే. కారణం వెతకడానికి చాలా రోజులు పట్టింది. పెరటిగదిలో ఒక పాత ఫోను ఉంది. పాఠం లేని రోజుల్లో అమ్మాయి దానిలో కచేరీల వీడియోలు పెట్టుకొని సాధన చేస్తుంది. వీధిగదిలో రూటరు పక్కన సిగ్నల్ మైనస్ 48 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత) ఉంటే, పెరటిగదిలో అది మైనస్ 78కి పడిపోయింది. ముప్పై డెసిబెల్స్ తేడా అంటే అందే శక్తి వెయ్యో వంతు అన్నమాట. అంత బలహీనమైన సిగ్నల్ మీద ఆ ఫోను 6.5 ఎంబీపీఎస్ వేగంతో మాత్రమే మాట్లాడగలుగుతోంది, నట్టింటి టీవీ 65 వేగంతో మాట్లాడుతోంది.

ఇప్పుడు లెక్క చూడండి. వై-ఫై అందరికీ సమానంగా ఇచ్చేది వంతులను, కాలాన్ని కాదు. టీవీ ఒక ప్యాకెట్టు అందుకోవడానికి ఒక క్షణం పడితే, ఫోను అదే ప్యాకెట్టు అందుకోవడానికి పది క్షణాలు పడుతుంది. ఇద్దరికీ చెరొక వంతు చొప్పున సాగితే పదకొండు క్షణాలకు చెరొక ప్యాకెట్టు అందుతుంది, అంటే టీవీ వేగం 65లో పదకొండో వంతుకు, 6 ఎంబీపీఎస్ లోపుకు, పడిపోతుంది. వై-ఫైలో జవాబులకూ విరామాలకూ పోయే కాలాన్ని తీసేస్తే మిగిలేది అందులో సగం, నాన్నగారి ప్రవచనానికి అవసరమైన 3 ఎంబీపీఎస్ అంచుకే. కుళాయి దగ్గర ఒకరు బిందెతో పడుతుంటే, మరొకరు గ్లాసుతో కుండ నింపుతున్నట్టు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు ఈ సంగతిని 2003లోనే లెక్కగట్టి చూపారు. ఒక్క నెమ్మది పరికరం మొత్తం ఇంటిని తన స్థాయికి దించుతుందన్న ఆ ఫలితం ఇంతకాలమైనా రూటరు కొనేవారికి ఎవరూ చెప్పరు. చాలా రూటర్ల లోపల నడిచే లినక్స్‌లో వంతులకు బదులు గాలిలోని కాలాన్నే సమానంగా పంచే పద్ధతి 2017లో వచ్చింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నడిచే రూటర్లలో, వాటి రేడియో చిప్‌కు ఆ సౌకర్యం ఉంటే, అది దొరుకుతుంది.

సాఫ్ట్‌వేర్ కన్నా ముందు ఆ ఫోనుకు గట్టి సిగ్నల్ అందించడం అవసరం. మొదట ఒక రిపీటర్ కొని వంటింట్లో పెట్టాను. ఫోనులో గీతలన్నీ నిండాయి, వీడియో మాత్రం ఇంకా నెమ్మదించింది. ఒకే రేడియోతో పనిచేసే రిపీటర్ ప్రతి ప్యాకెట్టునూ గాలిలో విని మళ్ళీ గాలిలోకే పలుకుతుంది, కాబట్టి వంతులు రెట్టింపు ఖర్చవుతాయి. గీతలు సిగ్నల్ బలాన్ని చెబుతాయే కానీ గాలిలో ఖాళీ ఎంత ఉందో చెప్పవు. వారం తిరక్కుండా దాన్ని తీసేశాను.

చివరికి చేసింది పాతకాలపు పని. చూరు కింద, వానజల్లు తగలకుండా, 25 మీటర్ల క్యాట్6 తీగ లాగాము. ఈథర్నెట్ తీగ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది కాబట్టి మన పొడుగు ఇళ్ళకు బెంగ లేదు. పెరటిగదిలో రెండో రూటరును యాక్సెస్ పాయింటుగా, అంటే తీగలో వచ్చినదాన్ని వై-ఫైగా పంచే పెట్టెగా, పెట్టి, అందులో 2.4 పట్టీని పూర్తిగా ఆపి, 5 గిగాహెర్ట్జ్ మాత్రం ఉంచాను. 5 గిగాహెర్ట్జ్ మందపు గోడలను దాటలేదన్నది సాధారణంగా లోపంగా చెబుతారు. మూరెడు మందం గోడల మధ్య, ఒకే గదిలో వాడుకుంటే అదే గుణమవుతుంది, పక్కింటి రొద లోపలికి రాదు, మన రొద బయటికి పోదు. ఆ పాత ఫోనుకు 5 గిగాహెర్ట్జ్ రాదు కాబట్టి సాధనకు ఒక వాడిన ట్యాబ్లెట్ కొన్నాను. వెళ్ళే దారిలోనే నట్టింట్లో ఒక కొమ్మ దింపి టీవీకి కూడా తీగ తగిలించాను. టీవీ గోడకు మేకు కొట్టి ఉన్న వస్తువు, అది ఎక్కడికీ కదలదు. కదలని వస్తువులకు గాలిలో వంతు ఇవ్వనక్కరలేదని అప్పటి నుంచీ అడిగినవారందరికీ చెబుతున్నాను. ఆ రోజు నుంచి నాన్నగారి ప్రవచనంలో చక్రం రాలేదు.

వీణ పాఠం సంగతి వేరు. ప్రవచనంలో 40 సెకన్ల నిల్వ పెట్టుకోవచ్చు, ఎందుకంటే నాన్నగారు ప్రవచనకారుడికి జవాబు చెప్పనక్కరలేదు. పాఠంలో గురువుగారు మీటిన మీటుకు అమ్మాయి వెంటనే మీటాలి, తప్పయితే అప్పుడే చెప్పాలి. అక్కడ నిల్వ సెకనులో పదో వంతుకు మించితే సంభాషణ కుంటుపడుతుంది. అందుకే వీడియో కాల్స్ సాధారణంగా యూడీపీ అనే పద్ధతి మీద నడుస్తాయి, పోయిన ప్యాకెట్టు కోసం ఆగకుండా ముందుకు పోతాయి. మాటను కుదించి మోసే ఓపస్ అనే కోడెక్, 2012లో ప్రమాణమైంది, ముందరి ప్యాకెట్టు సారాన్ని కొంచెం తరవాతి ప్యాకెట్టులో కూడా దాచి పంపగలదు, కాబట్టి అక్కడొకటి ఇక్కడొకటి పోయినా చెవికి తెలియదు. వరసగా పోతే, లేదా ఆలస్యంగా గుంపుగా వస్తే మాత్రం ఏమీ చేయలేదు.

తీగ లాగాక కూడా కొన్ని రోజులు పాఠం పది నిమిషాల పాటు పాడైపోయేది. గురువుగారి వీణ మాకు బాగానే వినబడేది, మా అమ్మాయి వీణ ఆమెకు ముక్కలుగా వినబడేది. మా పథకంలో దింపుకునే వేగం 100 అయినా ఎక్కించే వేగం 10 మాత్రమే. మా ఆవిడ ఫోను ఇంటికి రాగానే ఆ రోజు తీసిన ఫొటోలన్నిటినీ క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెడుతోందని గమనించి, ఆ సమయంలో పింగ్ కొట్టి, అంటే ఒక ప్యాకెట్టు వెళ్ళి జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో, చూశాను. మామూలుగా 14 మిల్లీసెకన్లు ఉండేది 820కి చేరింది.

ఇది వేగం చాలకపోవడం వల్ల వచ్చిన బాధ కాదు. వీణ పాఠానికి 1 ఎంబీపీఎస్ చాలు. రూటరులో ఒక వరస ఉంటుంది, బయటికి పోవలసిన ప్యాకెట్లు అందులో నిలబడతాయి. మెమరీ చిప్పులు చౌకైపోయాక తయారీదారులు ఆ వరసను చాలా పొడుగ్గా పెట్టారు, ఒక్క ప్యాకెట్టూ పోకూడదన్న మంచి ఉద్దేశంతోనే. ఒక మెగాబైటు వరస 10 ఎంబీపీఎస్ దారిలో ఖాళీ కావడానికి 0.8 సెకన్లు పడుతుంది. నాకు కనబడిన 820 అదే. ఫొటోలు ఆ వరసను నింపి కూర్చుంటే, వీణ ప్యాకెట్టు వాటన్నిటి వెనకా నిలబడాలి. ఫొటోలను మోసే టీసీపీ అనే పద్ధతి సాధారణంగా ప్యాకెట్టు పోతేనే వేగం తగ్గించుకుంటుంది. వరస పొడుగైనకొద్దీ ప్యాకెట్టు పోవడం ఆలస్యమవుతుంది, ఫొటోలు ఎక్కించే ఫోను తాను దారికి అడ్డం పడ్డానని తెలుసుకోనే తెలుసుకోదు. 2010-11 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంట్లోనే ఈ జబ్బును పట్టుకొని దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. క్యాథలీన్ నికల్స్, వాన్ జాకబ్సన్ కలిసి 2012లో కోడెల్ అనే మందు కనిపెట్టారు. అది వరస ఎంత పొడుగుందని చూడదు. ప్యాకెట్లు వరసలో ఎంతసేపు నిలబడుతున్నాయో చూసి, 100 మిల్లీసెకన్ల పాటు ఎడతెగకుండా 5 మిల్లీసెకన్లకు మించి నిలబడుతుంటే ఒకటీ అరా తీసి పారేస్తూ, పంపేవారికి నెమ్మదించమని సంకేతం ఇస్తుంది. దీనికి తోడు ఒక్కొక్క ప్రవాహానికి వేరు వరస ఇచ్చే ఎఫ్‌క్యూ-కోడెల్ పద్ధతి 2018లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లో ప్రచురితమైంది.

వీధిగది రూటరులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించి, ఈ పద్ధతులను వాడే ఎస్‌క్యూఎం అనే అమరిక తెరిచి, ఎక్కించే వేగాన్ని 9 ఎంబీపీఎస్ అని రాశాను. ఉన్నదాని కన్నా కాస్త తక్కువ రాయాలి, అప్పుడే వరస మన రూటరులో, మన అదుపులో ఏర్పడుతుంది. పూర్తి వేగం రాస్తే వరస అవతలి పెట్టెలోకి పోతుంది, అక్కడ మన మాట చెల్లదు. ఫొటోలు ఎక్కుతుండగానే మళ్ళీ పింగ్ కొడితే 27 వచ్చింది. పదో వంతు వేగాన్ని వదులుకున్నందుకు ఆలస్యం ముప్పయ్యో వంతుకు తగ్గింది. ఇంతకన్నా లాభసాటి మార్పు నేను చూడలేదు.

ఆ తర్వాత కూడా గురువుగారికి ఒక లోపం వినబడింది, దానికి గాలితో సంబంధం లేదు కానీ చెప్పకుండా ఉండలేను. "మీటు వినబడుతోందమ్మా, ఆ తర్వాతి గమకం ఏదీ?" అని అడిగారు. మా అమ్మాయిది బొబ్బిలిలో ఒకే దుంగతో చేయించిన ఏకాండి వీణ, మీటిన తర్వాత నాదం మెల్లగా సన్నగిల్లుతూ చాలాసేపు నిలుస్తుంది, గమకమంతా ఆ సన్నగిల్లే నాదంలోనే ఉంటుంది. వీడియో కాల్ యాప్‌లు మాట కోసం తయారైనవి. మాట తర్వాత నిలకడగా వినబడే సన్నని ధ్వనిని పంకా చప్పుడని భావించి నొక్కేస్తాయి, పక్కన పెట్టుకున్న శ్రుతిపెట్టెను కూడా. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' అన్న అమరికను తెరిచాక గమకం తిరిగి వచ్చింది. ఇద్దరూ చెవిలో పెట్టుకునే తీగ హెడ్‌ఫోన్లు వాడితే ప్రతిధ్వని బెడద కూడా ఉండదు. కలిసి వాయించడం మాత్రం ఇప్పటికీ కుదరదు. 30 మిల్లీసెకన్ల ఆలస్యం దాటితే ఇద్దరికి తాళం కలవడం కష్టం. గదిలో 10 మీటర్ల దూరం నుంచి శబ్దం రావడానికి పట్టే కాలమే అది. గాజుతీగలో వెలుగు 1,000 కిలోమీటర్లు 5 మిల్లీసెకన్లలో పోగలదు కానీ, కెమెరా, కోడెక్, సర్వరు, నిల్వ అన్నీ కలిస్తే వందకు తగ్గదు. అందుకని గురువుగారు వాయించి ఆపుతారు, అమ్మాయి అందుకుంటుంది.

తీగ లేని చోట, కరెంటు లేని వేళ ఏమిటన్న ప్రశ్న మన జిల్లాల్లో ఎప్పుడూ ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను కుదిపేసినప్పుడు రోజుల తరబడి ఏ సంకేతమూ లేదు, దానికి ఇంటి రూటరులో చేయగలిగిందేమీ లేదు. మామూలు కోతలకు మాత్రం రూటరుకూ, దాని పక్కనున్న తీగపెట్టెకూ కలిపి చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఒకటి చాలు. మొబైల్ డేటా మీద ఆధారపడవలసి వస్తే ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన సరిహద్దే ఇప్పుడు టెలికాం సర్కిళ్ళకూ సరిహద్దు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్ర సర్కిల్. మా డాబా మీద ఫోను ఒకసారి ఈవలి టవరును, ఒకసారి ఆవలి టవరును పట్టుకుంటుంది, మారిన ప్రతిసారీ కాల్ తెగుతుంది. ఫోనును చేత్తో పట్టుకొని తిరగకుండా, ఈవలి టవరు గట్టిగా అందే కిటికీలో ఉంచి హాట్‌స్పాట్‌గా వాడితే ఆ ఊగిసలాట చాలావరకు తగ్గింది.

ఈ పనులన్నిటికీ అసలు పరీక్ష రథయాత్ర. నాన్నగారు నాలుగేళ్ళుగా రథాన్ని చూడలేదు. రథవీధిలో మేడ ఉన్న నా స్నేహితుడి ఇంటి నుంచి ఆయన టీవీకి చూపించాలని అనుకున్నాం. ఆ రోజు వీధిలో వేలమంది ఉంటారు, ప్రతి చేతిలో ఫోను, అందరూ వీడియో పంపుతూ ఉంటారు. 4జీలో 2300 మెగాహెర్ట్జ్ పట్టీ ఒకే పౌనఃపున్యాన్ని కాలంలో పంచుకుంటుంది, అందులో ఎక్కువ కాలం దింపుకోవడానికీ తక్కువ కాలం ఎక్కించడానికీ కేటాయిస్తారు. అలాంటి వీధిలో టవరు మీద వీడియో ఎక్కించడం జరిగే పని కాదని ముందే అనుకున్నాం. స్నేహితుడి ఇంట్లో ఉన్న తీగ కనెక్షన్‌నే వాడాం. మేడ కిటికీలో కెమెరా, ల్యాప్‌టాప్‌లో వీడియోను ప్రసారం చేసే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్, మెట్ల మీదకు తెచ్చి పెట్టిన రూటరు, వాటి మధ్య 4 మీటర్ల 5 గిగాహెర్ట్జ్ గాలి. ఎక్కించే వేగం 6 ఎంబీపీఎస్ వస్తున్నా, 720పిని 1.5 దగ్గరే కట్టిపెట్టాను, కీఫ్రేము (పూర్తి బొమ్మ) రెండు సెకన్లకు ఒకటి. జనం, జెండాలు, రథం పైకప్పు గుడ్డల రెపరెపలు, ఇలాంటి కదలిక ఉన్న బొమ్మకు 1.5 కొంచెం మసకగా ఉంటుందని తెలుసు. మసక ఫరవాలేదు, ఆగకూడదు.

రథయాత్ర నాడు యూట్యూబ్ లైవ్‌లో ఆలస్యం అతి తక్కువ ఉండే అమరికను ఎంచుకున్నాను, రథం కదిలిన క్షణమే నాన్నగారికి కనబడాలన్న తాపత్రయంతో. ఆ అమరికలో చూసేవైపు నిల్వ రెండు మూడు సెకన్లకు మించదు. స్నేహితుడి ఇంట్లో ఎవరో ఫోను తెరిచిన ప్రతిసారీ మా టీవీ ఒక్క క్షణం ఆగింది. గంటలో ఐదుసార్లు చక్రం వచ్చింది. తొమ్మిదో రోజున, రథం తిరిగివచ్చే బాహుడా యాత్రకు, మామూలు ఆలస్యం ఉండే అమరికకు మార్చాను, నిల్వ పెరిగింది, ఆలస్యం దాదాపు 15 సెకన్లకు చేరింది. రథవీధి మా ఇంటికి దగ్గరే. ఘంటలూ, తాళాలూ, జనం కేకలూ ముందు కిటికీలోంచి నేరుగా వినబడ్డాయి, కాసేపటికి అవే చప్పుళ్ళు టీవీలోంచి వచ్చాయి. నాన్నగారికి తెలిసిపోయింది.

"ఏటిరా, రథం ముందు చెవికొచ్చి, తర్వాత కంటికొస్తోంది?" అన్నారు. నిల్వ సంగతి చెప్పి, కావాలంటే ఆలస్యం తగ్గించగలననీ, అప్పుడు మధ్యలో చక్రం రావచ్చనీ చెప్పాను. ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఉండనీ. ఇలాగే ఉండనీ," అని, కిటికీలోంచి మళ్ళీ కేకలు వినబడగానే, రాబోయే బొమ్మ కోసం కళ్ళజోడు సరిచేసుకొని కూర్చున్నారు.